ఊలుపోగు కొలత

కల్లూరు
11-11-2024, సోమవారం

రత్నమణి వదినకు,

నీ కోడలు మహిమ తల్లి సువార్తమ్మ వందనాలు చెప్పి రాస్తున్న జాబు. చేతిరాత చూసి పక్కన పడేయవద్దు. నేను అయిదో తరగతితో బడి మానినదాన్ని, అక్షరాలు వంకర పోతాయి, కూడబలుక్కుని చదువుకో.

మహిమను మట్టిలో పెట్టిన రోజు నుంచి మన రెండిళ్లకూ మాటలు లేవు. నేను ఫోన్ చేయడం, అరవడం, అల్లుడు కట్ చేయడం, అంతే. ఇప్పుడు నా నంబరు అసలు పోవడమే లేదు. అందుకే జాబు. జాబులో అరవడానికి కుదరదు. ఒక మాట రాసేలోపల కోపం సగం చల్లారిపోతుంది, నా రాత వేగం అట్లాంటిది.

విషయం ఏమంటే, మన క్రిస్టినాకు స్వెట్టర్ అల్లుతున్నాను. చలి మొదలైతే ఆ బిడ్డ రొమ్ములో పిల్లికూతలు వస్తాయి. పోయిన చలికాలం వాళ్లమ్మ బతికి ఉండింది, చీర కొంగులో చుట్టి ఒళ్లో పండబెట్టుకునేది. ఈ చలికాలానికి కొంగు లేదు కదా. నేను చేయగలిగింది ఇది ఒకటే.

ఊలు కొత్తది కాదు. మహిమ హాస్టల్లో చదివేటప్పుడు నేను అల్లి పంపిన నేరేడుపండు రంగు స్వెట్టర్ ట్రంకు పెట్టెలో ఉండింది. దాన్ని విప్పుతున్నాను. పాత అల్లిక కదా, విప్పిన ఊలు చిన్నపిల్లల ముంగురుల మాదిరి వంకులు వంకులుగా వస్తుంది. మా వీధి అంగన్‌వాడీ టీచరు శివలీల చూసి, "ఏం పిన్నీ, గుర్తుగా దాచి పెట్టుకోవాల్సింది పీకి పారేస్తాండావే" అనింది. "దాచి పెడితే పురుగులు తొడుక్కుంటాయి మే, విప్పితే నా మనవరాలు తొడుక్కుంటాది" అన్నాను. 

నా పాత కొక్కెం సూది ఎప్పుడో పోయింది. సైకిల్ షాపు పెద్ద ఈరన్నతో పాత చక్రం పుల్ల ఒకటి తీయించి, కొన వంచి ఆకురాయితో నున్నగా రుద్దమన్నాను. "ఏం సువార్తమ్మా, ఈ వయసులో దొంగతనాలకు పోతాండావా? తాళాలు తీసే సూది మాదిరి ఉండాదే" అని అందరి ముందూ ఎగతాళి చేసినాడు. చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది వదినా. వచ్చినందుకు సిగ్గు పడినాను.

నాకు పుస్తకం చూసి అల్లడం తెలియదు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో వంట చేసే ముసలామె నేర్పిన పని. మెడ దగ్గర గొలుసు ఎత్తుకుని, బిడ్డ తలకు తొడిగి చూసి, భుజాల కాడ పెంచి, మళ్లీ తొడిగి చూసి, చంకల కాడ చేతులు విడదీసి, అట్లా బిడ్డ ఒంటి మీదనే అల్లుకుంటూ కిందికి దిగడమే నాకు వచ్చు. లెక్కలు లేవు. ఒళ్లే లెక్క. మరి బిడ్డ నీ దగ్గర ఉంది, ఊలు నా దగ్గర ఉంది. ఏం చేసేది?

ఈ కవర్లో ఆ ఊలు పోగులే మూడు పెట్టినాను. ఒకటి రొమ్ము చుట్టూ, ఒకటి భుజం నుంచి మణికట్టు దాకా, ఒకటి మెడ నుంచి నడుము దాకా. ఎక్కడికి వస్తే అక్కడ ముడి వేసి నాకు పంపు.

ఇంకొక మాట. మహిమ పోయి జనవరికి ఏడాది. ఇక్కడ మా గుడిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకుంటున్నాము. ఆ రోజు బిడ్డను తీసుకుని రా. ఒక్క పూట నా ఒళ్లో కూర్చోబెట్టు. ఇంకేమీ అడగను. కామెర్లు వచ్చిన నా బిడ్డను ఆస్పత్రికి కాకుండా పసరు మందుకు తిప్పినావన్న సంగతి కూడా ఈ జాబులో ఎత్తను.

బిడ్డ చెంపకు నా తరపున ఒక ముద్దు నువ్వే పెట్టు.

సువార్తమ్మ


మైదుకూరు
18-11-2024

సువార్త వదినకు,

రత్నమణి వందనాలు. నీ జాబు అందింది. నీ అల్లుడు ఏసుకుమార్ బండిలో లోడు వేసుకుని పోయినప్పుడు పోస్టుమ్యాన్ వచ్చినాడు, అది మంచిదయింది.

ఎత్తను అంటూనే ఎత్తినావు. సమాధి కాడ అంతమంది ముందు "నా బిడ్డను తిన్నదానా" అన్నావు నన్ను. ఆ మాట అన్నప్పుడు నా చేతిలో పిడికెడు మన్ను ఉండింది, పెట్టెపై వేయాల్సిన మన్ను. వేయలేక కింద జారవిడిచినాను. నీకు అది తెలియదు. ఏసుకుమార్‌కు చిన్నప్పుడు కామెర్లు వస్తే ఆ పసరుతోనే తగ్గింది. నాకు తెలిసిన మందు అది. తగ్గినప్పుడు మందు అన్నారు, తగ్గనప్పుడు నన్ను హంతకురాలిని అన్నారు. ఇంక ఈ సంగతి నేనూ ఎత్తను. నీ మాదిరి కాదు, నిజంగానే ఎత్తను.

పోగులు కొలిచి ముడులు వేసి పెట్టినాను. పక్కింటి గంగక్కను సాయం పిలుచుకున్నాను. బిడ్డ ఒక చోట నిలబడితే కదా. కితకితలని గెంతులు వేసింది. "జేజీ, నన్ను కట్టేస్తాండావా?" అని అడిగింది. "లేదు మే, మీ అవ్వ నీకు ఊలు చొక్కా అల్లుతాది, దానికి" అన్నాను. "ఏ అవ్వ? ఫోన్లో ఏడ్చే అవ్వనా?" అనింది. గంగక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బిడ్డ బాగానే ఉంది. అన్నం కాడ మాత్రం మొండి. చారునీళ్లు తాగి లేచిపోతుంది, ముద్ద పట్టుకుని వీధంతా నేను తిరగాలి. దగ్గు అప్పుడప్పుడు వస్తుంది. తమలపాకు రసం తీసి తేనెలో కలిపి నాలుకకు రాస్తున్నాను. రాత్రిళ్లు నా పక్కనే పడుకుంటుంది. అమ్మ ఎక్కడ అని అడగడం మానేసింది. అది మంచిదో చెడ్డదో నాకు తెలియదు.

మా చేలో శనగ విత్తనం ఈసారి ఆలస్యమయింది. వాన అక్కరలేనప్పుడు కురిసి, కావాల్సినప్పుడు మొహం చాటేసింది. కూలికి పోయి రావడం, బిడ్డను చూసుకోవడం, ఇంతే నా బతుకు.

జనవరి సంగతి ఏసుకుమార్‌ను అడిగి చూస్తాను. వాడి కడుపు ఇంకా మండుతూనే ఉంది. సమయం చూసి అడగాలి. తొందర పెట్టవద్దు.

రత్నమణి


కల్లూరు
25-11-2024

రత్నమణికి,

వదినా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ కవరు శనివారం వచ్చింది. విప్పితే కొబ్బరినూనె వాసన. ఆ మూడు పోగులూ చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. బిడ్డ రొమ్ము చుట్టూ తిరిగి వచ్చిన పోగు కదా, గట్టిగా పట్టుకోవడానికి కూడా మనసు ఒప్పలేదు. సాగదీయలేదు, నలపలేదు. పురిటిబిడ్డను పండబెట్టినట్టు మెల్లగా చాపపై పరిచినాను.

పోయిన క్రిస్మస్‌కు మహిమ ఇక్కడికి వచ్చి పోయేటప్పుడు బిడ్డ గౌను ఒకటి మరిచిపోయి పోయింది. దాన్ని తెచ్చి ఆ పోగుల పక్కన పెట్టినాను. ఎంత పెరిగిందో చూసుకుని మురిసిపోదామని.

నీ ముడి ఆ గౌను కొలతకు కూడా రాలేదు. చెయ్యి పోగు ఆ గౌను పొడుగు చేతికి మోచేతి కిందికి దిగి ఆగిపోయింది. రొమ్ము పోగు అయితే చెప్పనే వద్దు. ఏడాదిలో బిడ్డ పెరగాలా, తరగాలా? నువ్వే చెప్పు. నీకూ ఒక బిడ్డ పుట్టినాడు, పెంచినావు.

మళ్లీ పరిచినాను. మళ్లీ అంతే. అప్పుడు నీ జాబు తీసి మళ్లీ చదివినాను. అన్నం తినదు, చారునీళ్లు తాగి లేచిపోతుంది, అని నువ్వే రాసినావు. దగ్గు వస్తే ఆకు రసం రాస్తున్నాను, అని నువ్వే రాసినావు. ఆకు రసమా? ఒక బిడ్డకు ఆకు రసం పోసి నా చేతికి శవాన్ని ఇచ్చినావు. అది చాలలేదా? మైదుకూరులో డాక్టరే లేడా? బిడ్డను ఒక్కసారి చూపించినావా? అమ్మ ఎక్కడ అని అడగడం మానేసింది అని రాసినావు. ఆకలి అని అడగడం కూడా మానేసి ఉంటుంది.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని, నాకు తెలుసు. జాబులో కోపం చల్లారుతుందని మొన్న రాసినాను. అబద్ధం. రాసేకొద్దీ పెరుగుతుంది.

నాకు మహిమ ఒక్కతే. వాళ్ల నాన్న పోయినప్పుడు ఆ పిల్లను చూసి బతికినాను. ఆ పిల్ల పోయినప్పుడు క్రిస్టినాను చూసి బతుకుదామంటే చూడనియ్యలేదు. ఇప్పుడు ఆ బిడ్డ కూడా కరిగిపోతూ ఉంటే, కల్లూరులో కూర్చుని ఊలు అల్లుకుంటూ ఉండమంటావా?

ఉండను.

సువార్తమ్మ


మైదుకూరు
30-11-2024

సువార్త వదినకు,

నీ జాబుకు మొదట ఒక జవాబు రాసినాను. దాన్ని పొయ్యిలో పెట్టి సంగటి వండినాను. ఇది రెండోది.

మొదటి దాంట్లో ఏం రాసినానో చెప్పను. ఊహించుకో, నువ్వు ఊహించుకోవడంలో గట్టిదానివి.

బిడ్డ కరిగిపోవడం లేదు. ఎత్తుకుంటే నా నడుము పట్టేస్తుంది. తమలపాకు తేనె ఊరంతా పిల్లలకు రాసేదే, మీ కల్లూరులో రాయరా? డాక్టరు దగ్గరికి కూడా పోయినాము, పీల్చే మందు ఇచ్చినాడు, దాన్ని పట్టుకుని ఆ పిల్ల బూర ఊదినట్టు ఆడుతుంది. ఇవన్నీ రాస్తే కాగితం నిండుతుందని రాయలేదు, దాచిపెట్టి కాదు.

కానీ వదినా, నీ జాబు చదివి కోపం వచ్చినాక ఇంకొకటి కూడా వచ్చింది. మహిమ పోయినాక ఈ ఇంట్లో నాతో పోట్లాడే మనిషి లేదు. ఏసుకుమార్ మాట్లాడడు. బండి దిగి వస్తాడు, తింటాడు, బిడ్డను ఎత్తుకుని తిప్పుతాడు, పడుకుంటాడు. మహిమ అయితే ఉప్పు ఎక్కువయిందంటే చాలు, "అత్తా, సముద్రం యాడ తెచ్చినావు?" అనేది. నేను తిట్టేదాన్ని. ఇప్పుడు ఉప్పు ఎక్కువయినా ఎవరూ అడగరు. నీ జాబులో నన్ను తిడుతుంటే ఆ పిల్ల గొంతు మాదిరి వినపడింది. నీ నోరే దానికి వచ్చింది.

అందుకని ఒక మాట చెబుతున్నాను. డిసెంబరు ఎనిమిదో తారీకు ఆదివారం ఏసుకుమార్ ఉల్లిగడ్డల లోడుతో చెన్నైకి పోతాడు. సోమవారం గానీ రాడు. నువ్వు ఆ రోజు రా. కర్నూలులో బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతావు. స్వెట్టర్ ఎంతవరకు అయితే అంతవరకు తెచ్చుకో. పోగులతో పని లేదు, బిడ్డ ఒంటి మీదనే అల్లుకో. నువ్వే ఎత్తుకో, నువ్వే తినిపించు, అది కరిగిందో లేదో నువ్వే చెప్పు. కోడికూర వండుతాను. ఉప్పు చూసే వేస్తాను.

ఏసుకుమార్‌కు చెప్పవద్దు. ముందు నువ్వు వచ్చి పో. బిడ్డ నిన్ను చూసి నవ్విందంటే, జనవరి సంగతి వాడిని అడగడానికి నాకు ధైర్యం వస్తుంది.

ఎదురు చూస్తూ ఉంటాను.

రత్నమణి


కల్లూరు
4-12-2024

వదినా, మా వదినా,

నీ జాబు నిన్న సాయంత్రం వచ్చింది. చదివి గుడి మెట్లపై కూర్చుని ఏడ్చినాను. పాస్టరమ్మ వచ్చి ఎవరు పోయినారు అని అడిగింది. ఎవరూ పోలేదమ్మా, బిడ్డను చూడడానికి రమ్మన్నారు అన్నాను.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. బస్సు ఎక్కకముందే చెప్పాలి, మొహం చూసినాక చెప్పలేను.

పోయిన జాబు డబ్బాలో వేసిన మరుసటి రోజే శివలీల టీచరు దగ్గరికి పోయినాను. ఆ పోగులు చూపించినాను. గౌను చూపించినాను. ఆ పిల్ల కూడా భయపడింది. "పిన్నీ, ఈ వయసులో ఇంత తక్కువ అంటే మంచిది కాదు" అని, పిల్లల బాగోగులు చూసే ఆఫీసుకు ఫోన్ చేసింది. మీ ఊరు పేరు, బిడ్డ పేరు, ఏసుకుమార్ పేరు చెప్పించినాను. చెప్పింది నేనే. ఆ పిల్లను అనవద్దు.

నీ జాబు చదివిన వెంటనే పరుగెత్తినాను. "ఆపు మే, వద్దని చెప్పు మే" అని దాని చేతులు పట్టుకున్నాను. "పిన్నీ, ఒకసారి చెప్పినాక మన చేతిలో ఉండదు. వాళ్లు వచ్చి చూసి పోవాల్సిందే. ఏం లేకపోతే ఏం లేదని రాసుకుని పోతారు, నువ్వెందుకు భయపడతాండావు?" అనింది. వాళ్లు ఎప్పుడు వస్తారో దానికి తెలియదు.

అందుకని ముందే రాస్తున్నాను. వాళ్లు వస్తే బెదిరిపోవద్దు. బిడ్డను చూపించు, అంతే. నా తప్పు అని చెప్పు. ముసలిదానికి మతి పోయిందని చెప్పు, నేను వచ్చి అవునంటాను.

ఆదివారం తప్పకుండా వస్తాను. ఏసుకుమార్ చెన్నై నుంచి వచ్చేలోపల బయలుదేరిపోతాను, నీకు మాట రానివ్వను. స్వెట్టర్ నిన్నటికే అయిపోయింది. నీ ముడుల కాడికి సరిగ్గా అల్లినాను. రాత్రీ పగలూ అదే పని. చలి ముదరకముందే బిడ్డ ఒంటి మీద పడాలని తొందర. నువ్వు చెప్పినట్టు బిడ్డ పెద్దదయి ఉంటే తొడుక్కోవడానికి రాదు. రాకపోతే అక్కడే నీ గడపలో కూర్చుని నవ్వుకుంటూ విప్పుతాను. ఇంత ఇష్టంగా నా పని తప్పు కావాలని నేను ఎప్పుడూ కోరుకోలేదు.

కోడికూరలో కారం బాగా వేయి. నాకు చప్పిడి పనికిరాదు.

నీ సువార్త


మైదుకూరు
13-12-2024

సువార్తమ్మకు,

వాళ్లు మూడో తారీకు మంగళవారమే వచ్చినారు. నువ్వు బెదిరిపోవద్దని రాసేటప్పటికే వచ్చి పోయినారు.

ఇద్దరు వచ్చినారు, ఒక మగాయన, ఒక అమ్మాయి. మర్యాదగానే మాట్లాడినారు, వాళ్లను అనడానికి లేదు. అంగన్‌వాడీ ముందు వేపచెట్టుకు కాటా తగిలించి బిడ్డను జోలెలో వేసి తూచినారు. వీధిలో ఆడోళ్లంతా గుమిగూడినారు. "ఏమయిందంట? రత్నమణి కొడతాదా బిడ్డను?" అని ఒకామె, "తల్లిని అట్ల చేసినోళ్లు బిడ్డను చేయరా?" అని ఒకామె. నా వెనకే నిలబడి అన్నారు. ఆ అమ్మాయి బిడ్డ గౌను ఎత్తి వీపు చూసింది, దెబ్బలు ఉన్నాయేమోనని. బిడ్డ ఏడవలేదు. నా వైపు చూసింది, నేనేదో తప్పు చేసినట్టు.

"ఏం లేదమ్మా, బిడ్డ బరువు ఉండాల్సిన దానికంటే మంచిగానే ఉండాది. ఎవరో తెలియక చెప్పినారు" అని కాగితం మీద నా సంతకం తీసుకుని పోయినారు.

ఏసుకుమార్ సాయంత్రం వచ్చి, "ఎవరు చెప్పినారు మా?" అని అడిగినాడు. నేను చెప్పలేదు. నీ పేరు నా నోటి నుంచి రాలేదు. అది నమ్ముతావో లేదో నీ ఇష్టం. వీధిలో ఎవరో గిట్టనోళ్లు చెప్పి ఉంటారులే అని కప్పిపెట్టినాను. వాడు రెండు రోజులు గొణుక్కుని ఊరుకున్నాడు. నువ్వు వచ్చినాక నెమ్మదిగా సర్దుకుంటుంది అనుకున్నాను.

శుక్రవారం నీ జాబు వచ్చింది. ఆ రోజు బండికి పని లేక వాడు ఇంట్లోనే ఉండినాడు. పోస్టుమ్యాన్ వాడి చేతికే ఇచ్చినాడు.

నువ్వు అన్నీ రాసినావు. ఆఫీసుకు చెప్పింది నేనే అని రాసినావు. ఆదివారం వస్తున్నా అని రాసినావు. ఏసుకుమార్ వచ్చేలోపల బయలుదేరిపోతాను అని రాసినావు. వాడు నిలబడే చదివినాడు, చదివి నా ముందు పెట్టినాడు. "నువ్వు గూడా ఆమెతో కలిసినావా మా? నేను లేనప్పుడు పిలిపించుకుంటాండావా?" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

చెన్నై లోడు వేరేవాడికి ఇచ్చేసినాడు. శనివారం పొద్దున బిడ్డ గుడ్డలు సంచిలో కుక్కినాడు. బెంగళూరులో ఎవరి దగ్గరో డ్రైవరు పని ఉందంట, ఎప్పటి నుంచో పిలుస్తున్నారంట. ఏ ఏరియానో చెప్పలేదు. "నా బిడ్డను ఇంగ ఎవరూ తూచేది లేదు" అన్నాడు. నేను బండికి అడ్డం నిలబడినాను. నన్ను పక్కకు జరిపినాడు, మెత్తగానే. బిడ్డ తన పళ్లెం చంకలో పెట్టుకుని ఎక్కి కూర్చుంది. "జేజీ, నువ్వు రావా?" అనింది. "నువ్వు పో మే, నేను వెనకాల బస్సులో వస్తా" అన్నాను. గంగక్క కొడుకు ఫోన్ నుంచి రోజూ చేయిస్తున్నాను. ఎత్తడం లేదు.

ఆదివారం నువ్వు వచ్చినావు. తలుపు కొట్టినావు. "వదినా, నేనే. క్రిస్టీ, అవ్వ వచ్చింది రా మే" అని పిలిచినావు. నేను లోపలే ఉన్నాను, గడియ పెట్టుకుని. గడప అవతల నువ్వు చెప్పులు విడవడం కూడా వినపడింది. తీస్తే నిన్ను కొట్టేదాన్ని, లేదంటే పట్టుకుని ఏడ్చేదాన్ని. రెండూ నాకు ఇష్టం లేదు. చాలాసేపు కూర్చుని పోయినావు.

నువ్వు గొళ్లేనికి తగిలించి పోయిన సంచి గంగక్క తెచ్చి ఇచ్చింది. స్వెట్టర్ చూసినాను. అల్లిక బాగుంది. గంగక్క మనవరాలికి మూడేళ్లు కూడా నిండలేదు, దానికి తొడిగితే సరిగ్గా పట్టింది. క్రిస్టినాకు అయిదో ఏడు నడుస్తుంది. ఆ బిడ్డకు అందులో ఒక చెయ్యి కూడా పట్టదు. ఎవరిని చూసి అల్లినావు నువ్వు? నా ముడి తప్పని ఊరికి చాటినావు కదా, విను. ఆ వంకుల ఊలు చేతిలో నిలవలేదు, ముడుచుకుని పోతుంటే గంగక్క ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని బిర్రుగా లాగి, బిడ్డ ఒంటికి ఆనించి ముడి వేసినాము. నా కొలతలో తప్పు లేదు.

స్వెట్టర్ ఈ పార్సిల్లోనే ఉంది. నా ఇంట్లో వద్దు.

రత్నమణి


కల్లూరు
21-12-2024

రత్నమణి వదినకు,

నువ్వు దీన్ని విప్పకుండానే పొయ్యిలో పెట్టవచ్చు. అయినా రాస్తున్నాను.

నీ జాబు చదివి, ఆ మూడు పోగులు బయటికి తీసినాను. గోడ మేకుకు ఒక కొస కట్టి, రెండో కొస పట్టుకుని లాగినాను. వంకులు విడిపోయి సాగింది వదినా. సాగి సాగి, నీ ముడి గౌను దాటి, నా జానెడు అవతలికి పోయింది. వదిలేస్తే మళ్లీ ముడుచుకుని చిన్నదయింది. మళ్లీ లాగినాను. బిడ్డ నా కళ్లముందే పెరగడం, తరగడం, పెరగడం.

విప్పిన ఊలు అట్లే ఉంటుందని నాకు తెలియక కాదు. నీళ్లలో ముంచి, చెంబుకు చుట్టి ఆరబెడితే గానీ దాని వంకు పోదు. స్వెట్టర్ అల్లే ఊలు అంతా అట్లనే చేసుకున్నాను. నీకు పంపిన పోగులు మాత్రం ముంచలేదు. ముందు కొలత కావాలని తొందరపడి, విప్పిన చోటనే తెంపి కవర్లో పెట్టినాను. తిరిగి వచ్చినాక అయినా ఒక్కసారి లాగి చూసి ఉంటే సరిపోయేది. కొత్తగా నేర్చుకునే పిల్ల అయినా లాగి చూస్తుంది. నేను చూడలేదు. బిడ్డ ఒంటికి తగిలి వచ్చిన పోగని ముట్టుకోవడానికి మనసు రాలేదు. గట్టిగా పట్టుకుని ఉంటే బిడ్డ దక్కేది.

ఇంకొకటి కూడా ఉంది, అది చెప్పకపోతే ఈ జాబు రాయడం ఎందుకు. ముడి చిన్నగా వచ్చినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. నువ్వు చెడ్డదానివని నా లోపల ఎప్పుడో ఖాయం చేసుకుని ఉన్నాను. ఆ ముడి వచ్చి అవునని తల ఊపినట్టు అనిపించింది. అందుకే మళ్లీ కొలవలేదు. నిన్ను అడగలేదు. నీ జవాబు వచ్చేదాకా కూడా ఆగకుండా శివలీల దగ్గరికి పరుగెత్తినాను. మహిమకు జబ్బు చేసినప్పుడు నువ్వు తొందరపడలేదని నా కోపం. నేను తొందరపడి చేసిన పని ఇది.

క్షమించమని అడగను. నువ్వు క్షమించినా ఏసుకుమార్ రాడు.

ఆదివారం నువ్వు లోపల ఉన్నావని నాకు తెలుసు. పొయ్యి వాసన వచ్చింది. బిడ్డ కూడా లోపలే ఉందనుకున్నాను. నువ్వు దాని నోరు మూసి పట్టుకున్నావేమో, కితకితలకు నవ్వేస్తుందేమో అని చెవి పెట్టి విన్నాను. అప్పటికే అది బెంగళూరులో ఉందని తెలియక, నా సంచిలో తెచ్చిన బొరుగుల ఉండ ఒకటి తలుపు సందులో నుంచి లోపలికి తోసినాను. నువ్వు చూసి ఉంటావు.

మొన్న పాస్టరమ్మకు చెప్పి, బెంగళూరులో మన సంఘపు వాళ్లు ఎవరైనా ఉంటే వాకబు చేయమన్నాను. ఆమె రాసుకుంది. ఆ ఊరు చాలా పెద్దది సువార్తమ్మా, అనింది. దొరికితే ముందు నీకే చెప్పమన్నాను, నాకు కాదు. వాడు నీ గడప తొక్కుతాడేమో గానీ నా పేరు వింటే ఇంకో ఊరికి పోతాడు.

జనవరి ప్రార్థనకు నువ్వు రాకపోయినా నీ పేరు చదివిస్తాను. మహిమ అత్త అని చదివిస్తాను. ఆ రోజు నేను సమాధి కాడ అన్న మాట తప్పని నలుగురిలో నిలబడి చెబుతాను. వినడానికి నువ్వు ఉండవు, అది నాకు పడిన శిక్ష అనుకుంటాను.

స్వెట్టర్ మొత్తం విప్పేసినాను. మళ్లీ మొదలుపెట్టినాను. ఊలు చాలదు, క్రిస్టినా పెద్దది కదా. కర్నూలు బజారుకు పోయి వెతికితే ఆ నేరేడు రంగు దొరకలేదు, బూడిద రంగు తెచ్చినాను, కిందికి వచ్చేసరికి రంగు మారుతుంది. బెంగళూరులో చలి ఎక్కువంట. బిడ్డకు పీల్చే మందు వాడు గుర్తుపెట్టుకుని పట్టుకుపోయినాడో లేదో.

మెడకు గొలుసు ఎత్తుకున్నాను. భుజాల కాడికి వచ్చినాను. ఇక్కడ పెంచాలి, ఎంత పెంచాలో తెలియక చెయ్యి ఆగిపోయింది. నిన్ను అడుగుదామని కాగితం తీసి ఈ జాబు మొదలుపెట్టినాను. ఎన్నాళ్లకు తొడుక్కుంటుందో, అప్పటికి ఎంత అవుతుందో, నువ్వు రోజూ ఎత్తుకునేదానివి కాబట్టి నీకు తెలుస్తుందని. ఇంత దూరం రాసినాక తట్టింది, ఇప్పుడు నీకు కూడా తెలియదని.

సువార్తమ్మ